చెయ్యెత్తిన పూట

సిరొంచ బడిల మీటింగు.
హార్మోనియం పీరియడు తీసేసి
లెక్కలు పెడ్దామా? సారు మరాఠీల అడిగిండు.
తాపీ పోశాలు అందరికన్న ముందుగాల చెయ్యెత్తిండు,
"పాటలు పొట్ట నింపుతయా" అనుకుంట.
నేనూ ఎత్తిన.
మిరపకాయలేరిన గోర్లు ఇంకా మండుతనే ఉన్నయి.

రాత్రి కరెంటు లేదు.
ప్రాంజలి గోడకొరిగి ఎక్కాలు చదువుతాంది:
బే ఏకే బే, బే దుణే చార్...
ఆ అంకెలు నాకు రావు.
రాగం మాత్రం
నాట్లల్ల మా అమ్మ తీసిందే,
కొసకు జర వంగుతది.

ఒక్కకాడ వంగలే.
"ఆగు. తప్పింది, మల్ల చదువు" అన్న.
వేళ్లు మడిచి చూసుకున్నది, నాలిక కరుసుకున్నది.
"నీకు లెక్కలెప్పుడొచ్చినయే అమ్మా?"

జవాబియ్యలే.
పొయ్యిల కట్టె ఎగదోసిన,
పగటీలి ఎత్తిన చేతితోటే.