కునుకుప్పు

గేటు దగ్గర రిజిస్టరులో
పేరు, ఊరు, ఫోను నంబరు రాశాక
'వచ్చిన పని' అన్న గడి దగ్గర పెన్ను ఆగింది.
మా అమ్మని చూడటానికి అని రాస్తే
ఆసుపత్రి ఇది కాదంటాడేమో వాచ్‌మన్.
'పుస్తకం' అని రాశాను.

ఇస్కపల్లి నుంచి మూడు బస్సులు మారి
కాకుటూరులో దిగేసరికి చొక్కా వీపుకంటుకుంది.
సంచీ బయట పెట్టించుకుని టోకెనిచ్చారు, ముప్పై ఒకటి.
ఇత్తడి బిళ్ళ.
కయ్యల దగ్గర మేస్త్రీ కూలికిచ్చే బిళ్ళా ఇట్టాగే ఉండేది.

లోపల చల్లగా ఉంది.
ఇన్ని పుస్తకాలు ఒక్కచోట నేనెప్పుడూ చూళ్ళేదు.
వరసకీ వరసకీ నడిచే గట్టు వదిలి
మడులు కట్టినట్టే పేర్చారు.
గోడ మీద బోర్డు: మాట్లాడరాదు, తినరాదు, నిద్రపోరాదు.
దాని కిందే ఓ కుర్రాడు
పోటీ పరీక్షల పుస్తకం మీద తలవాల్చి
నోరు తెరుచుకుని నిద్రపోతున్నాడు.

"థీసిస్సులు మూడో అంతస్తు. ఇంటికివ్వం" అన్నాడు
దయాసాగర్ అని మెడలో కార్డున్నాయన. "ఎవరు రాసింది?"
మస్తాన్‌బీ అనండీ, ఉప్పు కూలీల మాటల మీద.
మా ఇంటికొచ్చేది. చిన్న టేపురికార్డరు, పూల గొడుగు.
అమ్మ పెట్టిన పులుసు కారానికి
కళ్ళు తుడుచుకుంటా తినేది.
ఆయన ఇవన్నీ కంప్యూటర్లో కొట్టలేదు.
పేరొక్కటే కొట్టాడు.

నల్ల అట్ట. తెరవగానే వెన్ను పటుక్కుమంది.
చివర్న, చిన్న అక్షరాల్లో, 'సమాచారం ఇచ్చినవారు'.
పదిహేడో పేరు:
చెంగమ్మ, 58, ఉప్పు కూలి, నిరక్షరాస్యురాలు.
యాభై ఎనిమిదని ఎవరు చెప్పారో.
అమ్మ వయసు అమ్మకి తెలిసింది
పెద్ద తుఫానప్పటికి నడక వచ్చిందని, అంతే.

పేజీలు తిప్పుతుంటే వినపడింది.
"ఏందిమే, రాసుకుంటా ఉండావా?
ఎండ ముదిరితే ఉప్పు బిరుసెక్కుద్ది,
మనిషి మెత్తబడతాడు. రాసుకో."
పైకే నవ్వాను. ఎదురు బల్ల వాళ్ళు తలెత్తి చూశారు.
పోయిన పదకొండేళ్ళకి ఆవిడ
అంత గట్టిగా మాట్లాడుతుంటే
నన్ను సద్దు చేయొద్దంటారేం!

నూట నలభై మూడో పేజీ, పదాల పట్టిక.
కయ్య, గట్టు, పలక, కొఠారు. అన్నీ సరిగ్గానే ఉన్నాయి.
ఆ తర్వాత:
కునుకుప్పు. చెంగమ్మ మాత్రమే వాడిన మాట.
ఇతరులకు తెలియదు. నాసిరకం ఉప్పు కావచ్చు(?)

తాటాకు పందిరి. పాత చీర ఉయ్యాల.
పాలు తాగి నేను కునుకు తీసినంతసేపు,
మేస్త్రీ అన్నానికి పోయినంతసేపు,
ఎవరి లెక్కలోకీ రాని ఆ కాసేపు
అమ్మ గీకి ఓ మూల పోసుకున్న ఉప్పు.
అది మా ఇంటికి. గంజిలోకి, ఎండుచేపకి,
చెల్లెలి పంటినొప్పికి.
నేను ముందే లేచి ఏడిస్తే ఆ రోజు కుప్ప చిన్నది.
"ఇయ్యాల కునుకుప్పు దోసెడే గదరా దొంగా"
అని తిట్టేది, ముద్దు పెట్టుకుంటానే.

ఆ కయ్యల్లో ఇప్పుడు రొయ్యల గుంటలు.
ఏరేటర్లు తెల్లార్లూ నీళ్ళు చిలుకుతుంటాయి.
రాత్రి కాపలా నేనే. కునుకు తీస్తే జీతం కోత.

"ఇది తప్పండీ" అన్నాను దయాసాగర్ గారితో.
"డిగ్రీ ఇచ్చేశారు గదా, ఇంక దిద్దటానికి లేదు."
చెడ్డవాడేం కాదు. కళ్ళద్దాలు తీసి తుడుచుకుని
చీటీ ముక్క, పెన్సిలూ నా ముందుకు తోశాడు.
"రాసి లోపల పెట్టండి. ఎవరన్నా చూస్తే చూస్తారు."

చాలాసేపు కూర్చున్నా.
ఉయ్యాల గురించి రాయాలంటే పందిరి రాయాలి,
పందిరి రాయాలంటే ఎండ రాయాలి,
ఎండకి ఆ ముక్క చాలదు.

అయిదున్నరకి బెల్లు కొట్టారు.
కుర్రాడు ఉలిక్కిపడి లేచాడు,
చెంప మీద పుస్తకం అంచు గీత.

'నాసిరకం కాదు' అని రాసి
మడిచి, నూట నలభై మూడులో పెట్టి
ఇత్తడి బిళ్ళ ఇచ్చి సంచీ తీసుకున్నా.