లాకు తీసేదాకా

బ్యాంకువాళ్ళు పారెయ్యబోతూ
మా లేసు సొసైటీకి ఇచ్చిన కంప్యూటరు,
ఆన్ చేస్తే రైసుమిల్లులా రొద పెడుతుంది.
దాన్లో లైనక్స్ వేసి
"ఇహ నీ తంటా నువ్వే పడగలవు పిన్నీ" అని
రొయ్యల చెరువులో ఏరేటరు చెడిందంటే
బండెక్కి పోయాడు నతానియేలు.
మూడు రోజులు ఫోనెత్తలేదు.

అంతకుముందు ప్రోగ్రాం కావాలంటే
పాలకొల్లు నుంచి బస్సులో రావలసిందే.
సీడీ ఒకటి, అది తెచ్చిన మనిషొకడు,
మూడొందలు, టీ, రెండు సమోసాలు,
చివర్న చీటీ మీద రాసిచ్చే పాతికంకెల తాళం.
ఆ చీటీని ఒక ముసురుకి చెదలు తిన్నాయి.
ప్రోగ్రామూ దాంతోనే పోయింది.

నాకు కావలసింది పెద్దదేం కాదు.
గళ్ళ కాగితం మీద చుక్కలేసి గీసే ద్రాక్షగుత్తిని
తెర మీద గీసుకోవాలి.
తప్పు గడిని రబ్బరుతో రుద్దీ రుద్దీ
కాగితానికి చిల్లు పడకుండా.

తెర కింద సంచీ బొమ్మ ఉంటే నొక్కాను.
పెద్ద అంగడి. ధర ఉండాల్సిన చోట ఏమీ లేదు.
ముందు నాకు అనుమానమే వచ్చింది,
ఊరికే ఇచ్చేవాడి తూకంరాళ్ళు చూడాలి కదా.
లేసు అని వెతికాను. చెప్పుల తాళ్ళేవో చూపించింది.
గళ్ళు, చుక్కలు, అల్లిక అని
వచ్చీరాని ఇంగ్లీషులో కొడితే
అడుగున ఒకటి, సూదీ దారం బొమ్మతో.
ఇన్‌స్టాల్ అన్నచోట నొక్కి చెయ్యి వెనక్కి తీసుకున్నాను.

"వేరొకరు లాకు వేసి ఉన్నారు. ఆగండి" అంది.

లాకా?
ఆ మాట నాకా చెప్తావు?
కాలవ లాకు మీద కళాసీ మా నాన్న.
ధాన్యం పడవా, ఉప్పు పడవా
రెండూ ఒకేసారి వచ్చి కేకలేస్తుంటే
చుట్ట నోట్లోంచి తియ్యకుండా
మర తిప్పేవాడు, అంగుళం, అంగుళం.
ఒక పడవ తొట్టిలో ఉండగా
రెండోది గట్టు పక్కన ఆగాల్సిందే,
అందులో కరణంగారున్నా సరే.
"పై నీటికి తొందర, కింద పడవకి తొందర,
తలుపుక్కూడా తొందరైతే ఎలాగే?" అనేవాడు.

"ఆపి మళ్ళీ వెయ్యి" అంది వెనకనుంచి వజ్రమ్మ.
వెయ్యలేదు.
లోపల ఏదో తన మానాన తాను
పాత అతుకులు విప్పి కొత్తవి వేసుకుంటోంది.
నేను నూలు ఉండ తీసి
నాలుగు వరసలు అల్లాను.
అయిదో వరస మొదట్లో
నీళ్ళు సమమయ్యాయి.

పాస్‌వర్డ్ అడిగింది.
వజ్రమ్మ మొహం పక్కకి తిప్పుకుంది, మర్యాదస్తురాలు.
అక్షరాలు కనపడవు, నల్ల చుక్కలే.
ఫరవాలేదు,
కరెంటు పోయిన రాత్రుళ్ళు ఎన్ని గజాలు అల్లలేదు ఈ వేళ్ళు!

"దీనితోపాటు ఇంకో పదకొండు వస్తాయి, సరేనా?"
పిలిచింది ఒకర్నే.
అయినా ద్రాక్షకాయ ఒక్కటి అల్లాలన్నా
ముందు కాడ, కాడకి ముందు గొలుసు,
గొలుసుకి ముందు ముడి.
ముడి పడనిదే కాయ ఎక్కణ్ణుంచి వస్తుంది?
రమ్మన్నాను అందర్నీ.

టీ చల్లారలేదు, అయిపోయింది.
తెర మీద తెల్లటి గళ్ళు,
నర్సాపురం ఇసకమేటంత ఖాళీగా.
మొదటి చుక్క పెట్టాను. తప్పు గడిలో.
చెరిపాను. చిల్లు పడలేదు.
ఇంకోసారి కావాలనే తప్పు పెట్టి
చెరిపి చూసుకున్నాను.

సాయంత్రం వజ్రమ్మ లెక్కల పుస్తకం తెరిచింది.
"ప్రోగ్రాం ఒకటి. ఖర్చు?"
సున్నా.
"వోచరు?"
లేదు.
"మరి ఎవరిచ్చారని రాయను? ఆడిటరు ఊరుకుంటాడా?"
ఎక్కడివాళ్ళో, ఎందరో, నాకు మాత్రం ఏం తెలుసు?
పన్నెండు పేర్లూ వరసగా చదివి వినిపించాను.
ఆవిడ కలం ఎత్తి పట్టుకుని
"ఇంటిపేర్లు?" అంది.