పొగగది

గ్రిమ్స్‌బీలో తెల్లారదు,
రేవు మీద మంచు కాస్త పలచబడుతుంది, అంతే.
పొగగదిలో ఇనుప ఊచలకు గుచ్చిన హాడక్ చేపలు
రాత్రంతా రంపపుపొట్టు పొగ తాగి
పసుపు రాసుకున్నట్టు పచ్చబడతాయి.
వాటిని దించడం నా పని.
ఆ వాసన ఏ షాంపూకీ లొంగదు.

నా పేరు సలోమి.
కాలేజీ కాగితాల్లో సౌమ్య.
అది నాన్న ముందుచూపు. ఫీజు కట్టిందీ ఆ పేరే,
వీసా తెచ్చిందీ ఆ పేరే.
ప్రభువు బల్ల దగ్గర మాత్రం
మోకాళ్ళకి మొదటి పేరే గుర్తుండేది.

గది అడగడానికి వెళ్ళిన రోజు
అనసూయగారు కాఫీ ఇచ్చి, నవ్వి,
"మీది ఊళ్ళోనా అమ్మా, పల్లెలోనా?" అన్నారు.
ఐదువేల మైళ్ళు దాటి వచ్చిన ప్రశ్న,
దానికి వీసా అక్కర్లేకపోయింది.
"ఊళ్ళోనే" అన్నాను.
బస్సు అద్దంలో చూసుకుని అంటించుకున్న బొట్టుబిళ్ళ
వాన తడికి కొంచెం జారింది.

అబద్ధానికి అలవాటు పడటం
ఇక్కడి చలికి అలవాటు పడటం లాంటిదే.
ముందు వేళ్ళు తిమ్మిరెక్కుతాయి,
తర్వాత అవి నీవేనని గుర్తుండదు.
పెట్టె అడుగున అమ్మమ్మ నల్ల అట్ట పుస్తకం చూసి
హిమజ "ఎవరిదే ఇది?" అంటే
"రైల్లో ఎవరో చేతిలో పెట్టారు, పారేయాలి" అన్నాను.
అమ్మమ్మకి చదువు రాదు.
కలుపు తీసిన చేత్తోనే ఆ పేజీల్ని తడిమేది,
అందుకే అంచులన్నీ మట్టి రంగు.
ఆ రాత్రి దాన్ని పారేయలేదు.
అలాగని తెరవనూ లేదు.

ఇక క్లిఫ్ సంగతి. చెడ్డవాడని చెప్పలేను,
నా మొదటి నెల బూట్లు అతనే ఇప్పించాడు.
కానీ బ్రేక్‌లో మారిటెస్
టిఫిన్ డబ్బా ముందు కళ్ళు మూసుకుంటే చాలు,
మగ్గు మీద చెంచాతో గుడిగంటలా టంగుమనిపించేవాడు.
అందరూ నవ్వేవారు.
నేనూ నవ్వేదాన్ని, అందరికీ కనపడేలా.
ఆదివారం షిఫ్టు మార్చమని అడిగినందుకు
ఆమెని పేగులు తీసే లైనుకి, మంచుగడ్డల్లోకి పంపి
నా వైపు తిరిగాడు: "నువ్వూ ఆ గుంపేనా?"
"నేనా? కాదు, కాదు."
రెండుసార్లు ఎందుకన్నానో తెలీదు.

రేకుల కప్పు మీద సీగల్ అరిచింది.
ఈ చుట్టుపక్కల కోళ్ళు లేవు.
దేవుడు ఉన్నవాటితోనే సర్దుకుంటాడు.

బయటికెళ్ళి వెక్కి వెక్కి ఏడ్చానని రాస్తే బావుంటుంది.
లేదు. పొగగదిలోకెళ్ళి చేపలు దించాను.
నిప్పు దగ్గర చలి కాచుకుంటూ
ఎరగనన్నవాడు ఒకడున్నాడు,
వాడిదీ చేపల బతుకే.
వాణ్ణి పట్టించింది వాడి యాస.
తర్వాత ఒక ఒడ్డున మళ్ళీ అలాంటి నిప్పే,
దాని మీద చేప, పక్కన రొట్టె.
ఎందుకలా అన్నావని అడగలేదు ఆయన.
ముందు తినమన్నాడు.

గురువారం మారిటెస్ పక్కన కూర్చున్నాను.
కళ్ళు మూసుకున్నాను.
చెంచా మోగింది. నా చెవులు కాలిపోయాయి.
సోమవారం నుంచి నాకూ మంచుగడ్డలే.

"నాది పల్లేనండీ, నా పేరు సలోమి" అన్న సాయంత్రం
అనసూయగారు నొచ్చుకున్నట్టే మాట్లాడారు.
"నాకేం పట్టింపు లేదమ్మా, మిగతా వాళ్ళు..."
రెండు వారాల గడువు.
నేను తాగే గ్లాసు మర్నాడే వేరే అరలోకి మారింది.
హిమజ ఏమీ అనలేదు,
పెట్టె మాత్రం మెట్ల కింది దాకా మోసింది.
గేటు దాకా కాదు.

ఇప్పుడు లాండ్రీ షాపు పైన, చెమ్మ గోడల గదిలో
మారిటెస్‌కి నా చారు కారం, నాకు ఆమె గురక.
చేతులు పగిలాయి, వాజెలీను చాలట్లేదు.
నిన్న అమ్మమ్మ పుస్తకం తెరిస్తే
మట్టి రంగు అంచు మీద
నా వేలి పొగమరక పడింది.
తుడవబోయి ఆగాను.

రేపు మళ్ళీ ఎవరో ఒకరు అడుగుతారు.
నోరు ఏమంటుందో నాకింకా నమ్మకం లేదు.
జుట్టులో పొగ వాసన మాత్రం
నాకంటే ముందే చెప్పేస్తుంది.