కుడికాలి బూటు

హెరింగ్ చేప రంగు గుర్రం. పేరూ హెరింగే.
మే నెల పచ్చికలో తీపెక్కువై
దాని ముందు గిట్టల్లో మంట పుట్టింది.
నాడాలు కొట్టే కోల్మన్ వచ్చి, వంగి,
గిట్ట మీద అరచెయ్యి పెట్టి
పసిబిడ్డ నుదురు చూసినట్టు చూశాడు.
"ఇనుము తీసేద్దాం డెర్వ్లా. మేకులొద్దు.
కొన్నాళ్ళు బూట్లు తొడుగు."

నవ్వొచ్చింది నాకు.
ఈ కానమారాలో నా చిన్నప్పుడు
ఆరుగురు పిల్లలకి నాలుగు జతల బూట్లు మా ఇంట్లో.
ఇప్పుడు గుర్రానికి, మిల్లీమీటర్ల లెక్కన!
వెడల్పు నూటపదిహేను, పొడవు నూటపద్దెనిమిది,
ఎడమది కుడిదానికంటే వెంట్రుకవాసి పెద్దది.
నా పాదాల్ని ఎవరూ ఇంత శ్రద్ధగా కొలవలేదు.

తొడగడం పట్టుబడేసరికి పదిరోజులు.
ముందు గిట్ట అడుగు గీకాలి,
గులకరాయి ఒక్కటి మిగలకూడదు.
మడమ దగ్గర మెత్తటిచోట ఒరుసుకుంటుందని
ఫింటన్ ఉన్ని సాక్సులు కత్తిరించి లోపల వేశాను.
తర్వాత పట్టీ. ఆ వెల్క్రో చప్పుడికి
మొదట్లో చెవులు వెనక్కి పెట్టేది,
పోనుపోను ఆ చప్పుడు వింటే చాలు, కాలు తనే ఎత్తేది.
బిగువు ఎంతంటే, చిటికెనవేలు దూరాలి, ఉంగరపు వేలు దూరకూడదు.
అది కోల్మన్ లెక్క. అతనివి మొద్దు వేళ్ళు.
నా లెక్క నేను కట్టుకున్నాను.

"నా సాక్సులేవీ?" అని ఫింటన్.
"ఒకటి గుర్రం వేసుకుంది."
"రెండోది?"
"అదీ."

జులైలో మళ్ళీ రోడ్డెక్కాం.
టకటకలు లేవు. అర్ధరాత్రి దాహమై
ఉన్నిచెప్పులతో వంటింట్లోకి వెళ్ళే మనిషి అడుగు అది.
రాతిగోడల అవతల గొర్రెలు
మేం పక్కకొచ్చేదాకా తలెత్తలేదు.

ఆ శనివారం, వాన వెలిసింది కదా అని
పీటు నేల మీదుగా అడ్డదారి పట్టించాను. తప్పు నాదే.
నల్లనేల ఒక్క గుటక వేసింది.
హెరింగ్ బలమంతా పెట్టి కాలు లాక్కుంది.
వచ్చింది కాలు. ఒట్టి కాలు.
నాలుగడుగులు వేసి ఆగి, ఆ కాలు గాల్లోనే ఉంచి
నా వంక చూసింది,
మెట్ల మీద చెప్పు జారిన పెళ్ళిపెద్దలా.

బోర్లా పడుకుని భుజందాకా చెయ్యి దూర్చాను.
చల్లటి చీకటి. వేర్లు. ఎన్నడో కూలిన పైన్ మొద్దు.
ఒకచోట అంచు తగిలింది, తగిలి జారింది,
అవతలినుంచి ఇంకెవరో లాక్కున్నట్టు.

ఈ నేల దేన్నీ తినదు. దాస్తుంది.
మా తాతకి పీటు కోస్తుంటే కొయ్యగిన్నెలో వెన్న దొరికింది,
ఏ కాలంలో ఎవరు దాచుకున్నదో.
దాని మీద వేళ్ళ గుర్తులు అలాగే ఉన్నాయట.
వెయ్యేళ్ళకి ఎవరో నా బూటూ తవ్వి తీస్తారు.
బ్రష్షుతో తుడిచి, అద్దాల పెట్టెలో పెట్టి
మొక్కుబడి అని రాస్తారు. లేదా
ఆ రోజుల్లో ఒంటికాలి గుర్రాలుండేవని.
లోపలి సాక్సు ముక్క చూసి మాత్రం
ఎవరో ఒకరు ఒక్క నిమిషం రాయడం ఆపుతారు.
అంచు కుట్టు వంకర. నాకు కుట్టుపని రాదు.

రెండోది కూడా విప్పేశాను.
ఒక కాలికుండి ఒక కాలికి లేకపోతే
నడుం పట్టేస్తుంది, గుర్రానికైనా మనిషికైనా.
మూడు మైళ్ళు, రోడ్డు వారన గడ్డి మీద,
కొరకనివ్వకుండా తల పైకి పట్టుకుని నడిపించాను.
కంకర వచ్చినచోట అది ఆగిపోయేది.
నేను నా కోటు తీసి పరిచేదాన్ని.

మా గేటు నుంచి కొట్టందాకా ముప్ఫై గజాలు, అంతా కంకరే.
పరిచి, నడిపించి, ఎత్తి,
దులిపి, మళ్ళీ పరిచి.
ఫింటన్ గుమ్మంలో నిలబడి చూస్తున్నాడు.
ఏమీ అనలేదు.
లోపలికి వెళ్ళి
తన కోటు కూడా తెచ్చాడు.