అడుగు

రాంనగర్ గల్లీల మా పిండి గిర్నీకి ఒక వరుస ఉన్నది.
పొద్దుగాల బియ్యం, ఆ తర్వాత జొన్నలు,
పసుపు పగటీలి, మిరపకాయ ఆఖరుకు.
ఎవలు తొందరపెట్టినా వరుస తప్పేది లేదు.
కారం పట్టిన రాయి
మర్నాడు ఎవల బియ్యాన్నీ తెల్లగ ఉండనియ్యది.

ఆ రాత్రి తప్పిన.
తొమ్మిదింటికి, మిరపకాయ అయినంక,
మా రవళికని రెండు కిలోల బియ్యం పోసిన.
ముందుగాల నూక తిప్పిన గని
పిండి ఎర్రజీర తోనే దిగింది.
అండాలు చిటికెడు తీసి నాలికె మీదేసుకున్నది.
"సర్వపిండికే గద, కారం ఎట్లన్న ఏస్తం" అన్నది,
తుమ్మింది.

బిలాస్‌పూర్‌ల రైలింజన్ నడిపే కొలువు మా బిడ్డకు.
రాతపరీక్ష, కంటిపరీక్ష, ఇంకేందో పరీక్ష,
అన్నీ అయి కాయితం వచ్చిన్నాడు
మా అమ్మ అడిగింది ఒక్కటే:
"ఆడ బియ్యప్పిండి దొరుకుతదా?"
"నాయినమ్మా, ఆడ యాడ చూసినా వరే" అని నవ్వింది రవళి.
"వరి ఉంటే అయితదానే,
పట్టేటోడు ఉండాలె" అని
అమ్మ నా దిక్కు చూసింది.
నేను బెల్టు బిగించుకుంట కూసున్న.

ఏం కావాలె బిడ్డా అంటే
తొక్కు వద్దన్నది, నెయ్యి వద్దన్నది,
సర్వ కావాలన్నది.
అమ్మ పెండ్లినాడు భువనగిరి నుంచి వచ్చిన ఇత్తడి సర్వ.
లోపల బంగారం, బయట బొగ్గు,
కడుపు లెక్క గుండ్రటి అడుగు.
నా పాత లుంగీల చుట్టి
పెట్టెల అన్నిటికంటె కిందికి పెట్టింది.

క్వార్టర్ల గ్యాస్ లేదని అప్పుడు యాదికొచ్చింది ఆమెకు.
పక్క మొబైల్ దుకాణం అజీముద్దీన్
తన కరెంటు పొయ్యి తెచ్చి మా అరుగు మీద పెట్టిండు.
నున్నటి నల్ల గాజు.
సర్వ దానిమీద నిలవలే.
బొంగరం లెక్క ఒక్క సుట్టు తిరిగి పక్కకు ఒరిగింది.
పట్టుకోని నిలవెట్టినా
పొయ్యి మూడుసార్లు కీక్ కీక్ మన్నది.
"ఇత్తడిని గుర్తువట్టది అక్కా,
దీనికి సపాటు అడుగు కావాలె, ఇనుముది" అన్నడు అజీమ్,
తప్పు తనదే అన్నట్టు.

రవళి నవ్వింది.
ఆ తర్వాత చానాసేపు లుంగీ మడతపెట్టింది,
మడతపెట్టిందే మడతపెట్టింది.
అమ్మ మాత్రం,
"అయితే ఈడనే ఉంచు, పొద్దుగాల నాకు కావాలె" అన్నది.

పొద్దుగాల అదే సర్వల
ఎర్రజీర పిండి, పల్లీలు, నువ్వులు, నానిన శెనగపప్పు,
ఉల్లాకు, దండిగ కల్యామాకు.
గోడలకు ఒత్తి, వేలుతోని బొక్కలు పెట్టి
బొక్కబొక్కకు నూనె సుక్క.
అమ్మ ఎప్పుడూ ఏడే పెడతది. ఎందుకో తెల్వది, ఎవలం అడగలే.
ఆ పొద్దు రవళిని పెట్టుమన్నది.

సికింద్రాబాద్ స్టేషన్ల
మేము డబ్బా నంబరు ఎతుకుతుంటే
బిడ్డ కనిపించలే.
ప్లాట్‌ఫారం ఆ కొసకు పోయి
ఇంజన్ ముందు నిలబడ్డది,
చేతిల పేపరు పొట్లం, పొట్లం మీద నూనె మరక.
ఇంజన్‌ను చూసుకుంటనే ఒక ముక్క తుంచి నోట్లేసుకున్నది.
నేను పిలువలే.

ఎనిమిదొద్దులకు ఫోన్ల ఫోటో వచ్చింది.
సపాటు స్టీలు గిన్నె.
నడుమ మాడింది, అంచులు పచ్చిగున్నయి.
అమ్మ అద్దాలు పెట్టుకోని
ఫోన్ మీద వేలు ఆనిచ్చి లెక్కపెట్టింది.
బొమ్మ జరిగిపాయె, మళ్ల మొదటికెంచి.
"ఆరే ఉన్నయి" అన్నది.
ఇంకేమనలే.

ఆ వారం గిర్నీల
నా చెయ్యి వరుస మరిచింది.
సందు చివర ఇంటి యాదమ్మ డబ్బా మూత తీసి
"పిండేంది, ఎర్రగున్నది?" అన్నది.

"కొత్త బియ్యం గద" అన్న.