మూడు మంచి కాళ్లు

ఈ గదికి వచ్చేవన్నీ నోరు లేనివే.
సిమెంటు దిమ్మలు, వంతెన కాంట్రాక్టరు పంపిన ఇనపచువ్వలు,
ఒకసారి నౌపడా చిన్నలైను నుంచి ఊడదీసిన పట్టాముక్క.
పట్టుకో, నొక్కు, విరిగేదాకా నొక్కు,
విరిగినచోట అంకె రాయి.
పర్లాకిమిడి పాలిటెక్నిక్‌లో
ఇరవైరెండేళ్లుగా నాకు జీతం ఇందుకే.

మంగళవారం గమాంగో డాక్టరమ్మ
చేపల ఐసుపెట్టె మోయించుకొచ్చింది.
ఉప్పునీట తడిపిన గుడ్డల్లో
మోకాలి కింది ఎముకలు, మూడు.
"నాలుగోది?" అన్నాను.
"అదేగా విరిగింది."

పెళ్లిళ్ల గుర్రం, సింగారి.
వరుణ్ణి దించేసి, బ్యాండువాళ్లు లారీ ఎక్కేశాక
ఖాళీ వీపుతో ఇంటికొస్తూ
కాశీనగరం దారిలో, కల్వర్టు పగులులో
కాలు పెట్టింది.

"మనిషికి మంచం ఉంది మాస్టారూ.
గుర్రానికి లేదు.
మత్తు దిగిన గంటకే లేస్తుంది,
నాలుగు క్వింటాళ్లూ కుట్లేసిన కాలి మీదికే వస్తాయి.
పడుకోబెడితే ఊపిరి బరువెక్కి పోతుంది.
నిలబడటమే దాని విశ్రాంతి.
అతికాక మోయడం కాదు, అతకకముందే మోయాలి ఇది"
అంటూ సంచిలోంచి తీసింది
జానెడు ఉక్కుపట్టీ, ఎనిమిది కన్నాలు.
ఊదితే పలికేలా ఉంది.

మరలు దించడానికి
కొమ్ముదువ్వెనలు చేసే పూర్ణ మహారాణాని పిలిచాం.
ఎముకని చెవి దగ్గర పెట్టుకుని గోటితో కొట్టాడు.
"పోగుంది దీనికి, టేకుకున్నట్టే.
తొందరపడితే కాలుతుంది.
కాలిన కన్నం మరని పట్టుకోదు."
చుక్కచుక్కగా నీళ్లు పోస్తూ తొలిచాడు.
అయినా గదినిండా లాడం కొట్టేచోటి వాసన.
అంతకుముందు, మంచి ఎముకని నడిమికి కోసింది మాత్రం
నేనే.

మొదటిదాన్ని నాలుగు ఆనికల మీద వంచాం.
సూది ఎక్కింది, ఇంకా ఎక్కింది.
పట్టీ చెక్కుచెదరలేదు.
విరిగింది ఎముకే,
అదీ కోసినచోట కాదు,
పట్టీ అయిపోయేచోట, చివరి మర పక్కన.
డాక్టరమ్మ చాలాసేపు మాట్లాడలేదు.
"మరీ గట్టిగా చేశాం" అంది చివరికి.
అంకె రాస్తూ, ఎందుకో
మా పెద్దన్నని తలుచుకున్నాను.

రెండోదానికి పలచని పట్టీ.
దీన్ని విరవడం కాదు, నడిపించడం.
చెరకురసం బండి మోటారుకి క్రాంకు బిగించి
నడుమ లారీ స్ప్రింగు పెట్టి నేను కట్టిన యంత్రం,
సెకనుకి రెండు వేట్లు.
రాత్రి తొమ్మిదికి వదిలాం.
టక్కు టక్కు టక్కు టక్కు.

పన్నెండు దాటాక గుమ్మంలో దాలయ్య.
చెప్పులు బయట విడిచాడు.
బల్లవైపు చూడకుండా
గోడకానుకుని కళ్లు మూసుకుని విన్నాడు.
"ఇది దాని నడక కాదు బాబూ.
మా సింగారి మూడో అడుగు
రవ్వంత తాత్సారంగా ఏసీది.
బేండు లేకపోతే మరీని."
నేనేం చెప్పను.
ఈ యంత్రానికి మూడో అడుగంటూ లేదు.

మూడు కావస్తుంటే అడిగాడు:
"ఎంత దూరం ఎల్లుంటాది?"
అంకెల డబ్బా చూశాను. 41,312.
వేటుకి నాలుగు మూరలు వేసుకుని
"గుణుపురం పోయి తిరిగొస్తోంది" అన్నాను.
సరదాకే అన్నాను.
దాలయ్య వేళ్లు మడిచి
స్టేషన్లు లెక్కబెట్టుకున్నాడు.
ఒక వేలి దగ్గర ఆగాడు.
"అయితే ఈపాటికి
కల్వర్టు కాడికొచ్చుంటాది."

ఇద్దరం లేచి నిలబడ్డాం.
చివరి మర పక్కన టార్చి పెట్టాను.
వెంట్రుకంత గీత ఉందో లేదో
నీళ్లు కారుతుంటే తెలియదు.
దాలయ్య చేయి గాల్లో ఉంది,
కళ్లెం పట్టుకున్నట్టు, బిగించకుండా.
"నెమ్మది, నెమ్మదే తల్లీ" అంటున్నాడు
చెరకుబండి మోటారుతో.

41,350.
41,400.

"దాటిందేటి?"
"దాటింది."

మర్నాడు పొద్దున్న అది ఎక్కడ ఆగిందో
రిజిస్టరులో ఉంది, కావాలంటే చూసుకోవచ్చు.
దాలయ్య అడగలేదు, నేను చెప్పలేదు.
మూడోది ఇంకా ఐసులో ఉంది.