పోయిన చోటు

కడప కోర్టు గోడ పక్కన
నాపరాయి బండ మీద నా టైపు మిషను.
ఇరవై ఆరేండ్లుగా
జనాల కాగితాలు పోగొడుతున్నాను.

టెన్త్ మార్కుల లిస్టయినా, పాసుబుక్కయినా,
బండి సీ-బుక్కయినా
నా చేతిలో అన్నీ ఒక్కచోటే పోతాయి:
"ఏడురోడ్ల నుండి పాత బస్టాండుకు పోవు దారిలో."
అక్కడ ఊడ్చే ఆమెకు
ఇంతవరకు ఒక్కటీ దొరకలేదు.

సోమవారం వచ్చినాడు
దూదేకుల పెద్ద పక్కీరప్ప,
తండ్రి హుసేనప్ప, అరవై రెండేండ్లు, కమలాపురం.
టీ బంకు నీడలో తెల్ల అంబాసిడరు,
ఒక తలుపు మాత్రం నీలం.
ముప్పై ఎనిమిది వేలకు బేరం కుదిరిందంట.
బుక్కు లేకుంటే పాతినుము ధరేనని
ప్రొద్దుటూరు బ్రోకరు తెగేసి చెప్పినాడంట.

స్టాంపు కాగితం ఎక్కించి
"ఏ తేదీన పోయింది సామీ?" అన్నాను.
"పోలేదు" అన్నాడు.

"పోయిందంటేనే పోలీసోళ్లు సర్టిఫికెట్టు ఇస్తారు,
అదుంటేనే ఆర్టీవో ఆఫీసులో ఇంకో బుక్కు."

"పోలేదబ్బీ. ఎర్రగుంట్లలో ఉండాది.
మా చిన్నోని ట్రంకుపెట్టెలో, అమ్మ కోక కింద.
భాగాలు పంచుకున్నప్పుడు
బండి నాకొచ్చె, బుక్కు వానికిచ్చిరి.
సమానంగా ఉండాలని పెద్దమనుషులు అట్ల తెంచిరి.
నేను అమ్ముకోలేను, వాడు తోలుకోలేడు.
మాటల్లేక పదకొండేండ్లాయె."

ఇట్లాంటివీ పోగొట్టినాను, నిజం చెప్పాలంటే.
వాళ్లు చెప్పలేదు, నేను అడగలేదు.
టకటకా కొట్టేసి, సిరా దిండు ముందుకు జరిపినాను.

బొటనవేలు అద్దుకొని అడిగినాడు:
"యాడ పోయిందని రాసినావు?"
"ఏడురోడ్ల కాడ."
"ఆ దారిన వాడూ నేనూ ఎప్పుడూ పోలేదే!"

అట్లనే నిలబడినాడు కాసేపు, వేలు గాల్లో పెట్టుకొని.
తర్వాత లుంగీకి తుడుచుకున్నాడు.
"ఇంకో కాగితం కొట్టు. చోటు ఖాళీగా పెట్టు. వస్తా."

బంకు పిల్లోళ్లు ముగ్గురు తోస్తే బండి అందుకుంది.
కమలాపురం దాటితేనే ఎర్రగుంట్ల.
దారి ఒకటే,
యాడ ఆగుతాడో మాత్రం తెలీదు.

నెల దాటింది.
రెండో కాగితం నా రేకుడబ్బాలో ఉంది,
పేరుంది, తండ్రి పేరుంది, బండి నెంబరుంది,
పోయిన చోటు లేదు.

మొన్న బస్సు కండక్టరొకాయన చెప్పినాడు,
వల్లూరు కాడ నీలం తలుపు బండిని
ఇద్దరు ముసలోళ్లు తోస్తాండారని,
ఒకడు ఇంకొకణ్ణి
ఊపిరాడనీకుండా తిడతాండాడని.

ఎవరో ఏమో.
టైపు కూలి ఎనభై రూపాయలు
నాకింకా రావాల.